జిగురమ్మ నేలమాళిగ

ఆ మూతపడ్డ జిగురు కార్ఖానా పేరెత్తితే ఇప్పటికీ నోట్లో ముద్ద గొంతు దిగదు. ఎముకలూ గిట్టలూ ఉడకబెట్టి జిగురు తీసిన చోటది. వంద గాడిదలు చచ్చి, వెయ్యి గుడ్లు మురిగి, ఆ పైన ఓ పిల్లి కక్కితే ఎంతో — దాని నేలమాళిగ కంపు అంత. కాకులు సైతం వీధి మొదట్లోనే చుట్టుదారి పట్టేవి.

అది జిగురమ్మ కంపు అనేవారు. ఎప్పుడో ఉడుకుతున్న గోలెంలో పడి కరిగిపోయిన పనిమనిషట... గడప దాటినవాళ్ల కళ్లు మండిస్తుందట. కిందికి దిగితే నిద్రపుచ్చుతుందట. అలా దిగి, మళ్లీ ఎక్కనివాళ్లు ఉన్నారు మరి. కంపు ఉన్నంతసేపూ ఆవిడ ఉన్నట్టు. కంపు పోయిందా — దయ తలచి తప్పుకున్నట్టు.

గ్యాసు పొయ్యిలు బాగుచేసే ఒకాయనకి మోటార్ల మెకానిక్ బామ్మర్ది ఉండేవాడు. ఆ నేలమాళిగ గోతిలో మునిగిపోయిన పంపు పైకి తీయడానికి ఎవడూ ఒప్పుకోకపోతే, ఈ మొండిఘటం ఒప్పుకున్నాడు.

"మా తమ్ముణ్ణి ఒంటరిగా పంపారో... వాడికేమైనా అయితే ఇంటి గుమ్మం తొక్కకండి," అంది ఆయన భార్య.

ఏం చేస్తాడు పాపం. పగటి పనులు ముగించుకుని, చీకటి పడ్డాక తాడు భుజాన వేసుకుని వెంట నడిచాడు.

నేలమాళిగ తలుపు తీయగానే కళ్లల్లో కారం కొట్టినట్టయింది. మెట్లు దిగి గోతి మూత లేపగానే ఆయన గోడ పట్టుకుని ఓకరించాడు.

"ఏంటి బావా, వేవిళ్లా?"

"నోర్ముయ్‌రా. ఇక్కడ రెండు గాలులున్నాయి. కళ్లు మండించేది మరుగుదొడ్ల ఘాటు — తేలిక. బెలూన్లో నింపే గాలిలా పైకప్పుకి పోతుంది. మురిగిన గుడ్ల కంపు మామూలు గాలికన్నా బరువు. పొయ్యి గ్యాసు లీకైతే నేల మీద పాకదూ? అలా పల్లం చూసుకుని కూర్చుంటుంది."

"జిగురమ్మని తూకం కూడా వేసేశావన్నమాట."

బామ్మర్ది నవ్వుతూనే నడుముకి తాడు కట్టించుకుని, ఇనప నిచ్చెన దిగాడు. కింద చీముపట్టిన పుండులా పచ్చగా, నల్లగా, బంకబంకగా బురద... పంపుని కదిపాడు. బుడగలు తేలి, బొళక్ బొళక్ మని పగిలాయి.

"బావా... కడుపులో తిప్పుతోంది."

"పైకి రా."

"ఇంకొక్క బోల్టు..."

బోల్టు కిర్రుమని ఆగింది. తర్వాత ఓ గొంతు, హాయిగా, మత్తుగా —

"బావా... కంపు పోయింది. అసలు లేదు. వెళ్లిపోయింది ఆవిడ."

పైన మాత్రం ఈయనకి అదే కంపు ముక్కు పగలగొడుతోంది.

బరువు గాలి... పైనే ఇంత కంపుంటే కింద పదింతలుండాలి. లేదంటున్నాడేంటి? పోయింది కంపు కాదు —

వాడి ముక్కు.

"ఎక్కరా."

కింద బురదలో ధబ్బుమంది.

తాడు లాగాడు. తడిసిన ఏనుగంత బరువు. తల్లి దగ్గర తాగిన పాలన్నీ చేతుల్లోకి తెచ్చుకుని లాగాడు. లాగి, లాగి, గోతి అంచుమీదికి ఈడ్చి, వాడి తల ఒళ్లో పెట్టుకుని కూలబడ్డాడు.

ఛాతీ కదిలింది. దగ్గు... ఆ వెంటే భళ్లున వాంతి. నల్లగా, వెచ్చగా — ఈయన ఒళ్లోనే.

ఆయన కళ్లు గట్టిగా మూసుకుని, రాబోయే కంపుకి సిద్ధపడ్డాడు.

రాలేదు.

చొక్కా అంచు ఎత్తి ముక్కుకి ఆనించాడు. ఏమీ లేదు. మురిగిన గుడ్లు లేవు. ఎముకలు లేవు. కార్ఖానా అంతా కడిగిన పళ్లెంలా ఉంది.

పక్కనే, నేలమట్టానికి... గొయ్యి తెరిచే ఉంది. కెలికిన గాలి పొంగి గచ్చు మీద పాకుతోంది. ఆయన ఆ గచ్చు మీదే కూర్చుని ఉన్నాడు.

బామ్మర్దిని బస్తాలా భుజాన పడేసుకుని, ఊపిరి బిగబట్టి పరుగో పరుగు. మెట్లు, గడప, ఆవరణ, గేటు... వీధి చివర దీపస్తంభానికి ఆనుకుని రొప్పుతుంటే, వాంతితో తడిసిన చొక్కాలోంచి మెల్లగా ఎగదన్నింది — పుల్లటి, కుళ్లిన, కడుపు దేవే కంపు.

ఆయన దాన్ని గుండెల నిండా పీల్చాడు. మళ్లీ పీల్చాడు.

"ఛీ బావా..." భుజం మీద నుంచి గొణిగాడు బామ్మర్ది. "ఏంటా కంపు?"