పొమ్మన్న మాట

మా బాబాయి లేత్ మిషన్ మేస్త్రి. ముందు షాపు, వెనక గదిలో కాపురం. నాన్న పోయాక నన్ను పెంచింది ఆయనా పిన్నీనే. పని నేర్చుకుంటూ నేనేదైనా పాడుచేస్తే తిట్టేవాడు కాదు. వంకరపోయిన ఇనుప రింగుని వెలుతురుకి ఎత్తి చూసి, "బాగుందిరా, దాచుకో. నీ పెళ్లాం వేలికి తొడుగుదువుగాని" అనేవాడు. అలాంటి మనిషి ఉన్నట్టుండి మిషన్ దగ్గరే కూలబడి, అలాగే పోయాడు. నాకింకా నమ్మబుద్ధి కావట్లేదు.

ఆయన్ని సాగనంపి అందరం నోరు మెదపకుండా వెనుదిరిగాం. చావు దగ్గర 'వెళ్లొస్తా' అనకూడదని ఎవరికి తెలీదు? పిన్ని మాత్రం నోటి అలవాటు కొద్దీ అనేసింది.

"వెళ్లొస్తానండీ."

అందరం విననట్టే నటించాం.

ఆ రోజు నుంచీ ఆవిడ ముద్ద ముట్టలేదు. షాపు వైపు చెవి పెట్టి అలా కూర్చునే ఉంది. నిన్న సాయంత్రం ముసురు పట్టి కరెంటు పోయింది. కొవ్వొత్తి వెలిగించి, గిన్నె పట్టుకుని బతిమాలుతున్నాను. "రెండు ముద్దలు పిన్నీ... నా కోసం." ఇలాగే ఉంటే ఈవిడ కూడా నాకు దక్కదని భయం.

షాపులోంచి కాలిన నూనె వాసన వచ్చింది. మిషన్ ఆడుతున్నప్పుడు వచ్చే వాసన. షట్టర్‌కి తాళం నేనే వేశాను, తాళంచెవి నా జేబులోనే ఉంది. తర్వాత ఇనుప రజను మీద చెప్పుల చప్పుడు. కరకర... కరకర... మధ్య గుమ్మం దగ్గర ఆగింది.

"ఏమే... వస్తానన్నావుగా?"

బాబాయి గొంతే. కోపం లేదు. అన్నానికి పిలిచినట్టే ఉంది.

పిన్ని లేచింది. ఇన్నాళ్లూ లేవలేని మనిషి గబగబా జుట్టు సర్దుకుంది. "వస్తున్నానండీ..."

చెయ్యి పట్టుకున్నాను. చల్లగా, మంచుముద్దలా ఉంది. నన్నే ఈడ్చుకుపోతోంది. అంత బలం ఎక్కడిది?

"బాబాయ్, నీకు దణ్ణం పెడతాను. ఏదో నోరు జారింది. పిన్ని తప్ప నాకింకెవరున్నారు?"

"మాటన్నాక రావాలి కదరా" అన్నాడు మెల్లగా. "ఒక్కణ్ణే ఉండలేకపోతున్నానురా నాన్నా."

ఏడుపొచ్చేసింది. ఇంకొక్క అడుగైతే గుమ్మం. అవతల చీకటి... అందులో ఆయన భుజం ఒక్కటే కనిపిస్తోంది. పిన్ని వేళ్లు జారిపోతున్నాయి. ఏం చెయ్యను? ఏం చెయ్యను? ఆయన బయల్దేరుతుంటే 'వెళ్లిరా' అనే తప్ప జన్మలో ఇంకోమాట అనలేదు నేను.

"పో!" అని అరిచాను. "పో బాబాయ్! మళ్లీ రాకు!"

వాన ఆగినట్టయింది.

"సరేరా... పోతాను."

నా నోరు పడిపోనూ, ఎంత మాటన్నాను! చెప్పుల చప్పుడు దూరమైంది. కరకర... కరకర... దాని వెనకే ఇంకో చప్పుడు. వట్టికాళ్లది. మెత్తగా, గబగబా, ఆయన్ని అందుకోవాలన్నట్టు...

పిన్ని చెయ్యి నా చేతిలోనే ఉంది. నొక్కి చూశాను. ఉంది.

"వెళ్లిపోయాడు పిన్నీ. ఇంక భయం లేదు."

ఆవిడ మెల్లగా చెయ్యి విడిపించుకుంది. మర్యాదగా ఓ అడుగు వెనక్కి వేసి, నన్ను ఎగాదిగా చూసింది.

"ఎవరండీ మీరు? ఇంట్లో ఎవరూ లేరు."