కడియం కరిగిన రోజు

పొద్దున్నే భర్త రాజశేఖర్ బండల ఫ్యాక్టరీకి వెళ్ళిపోయాక, స్వర్ణలత పెరట్లో కూర్చుని ఇసుక జల్లించసాగింది. పిండిలా దిగిన ఇసుకలో కొంచెం బంకమట్టి కలిపి, నీళ్ళు చిలకరించి, పిడికిట్లో నొక్కి చూసింది. ముద్ద కట్టింది. నిన్న కూడా ఇట్లాగే కట్టింది. అయినా పోత చెడిపోయింది.

కడపలోనే కంసాలి వీరభద్రాచారి దగ్గర ఆమె ఇసుక పోత నేర్చుకుంటోంది. చెక్క నమూనాను ఇసుకలో అదిమి తీసి, ఆ గుంటలోకి కరిగిన వెండి పోయడం. వినడానికి ఇంతే. ఉంగరాలు, దుద్దులు బాగానే వచ్చాయి. ఇంటి నగ మీద చేయి పెట్టింది మాత్రం నిన్ననే.

అవి అత్త సిద్దమ్మ కడియాలు. పెళ్ళినాడు వాళ్ళమ్మ తొడిగినవి. ఎండాకాలంలో కాళ్ళు వాచి అవి కండలోకి దిగబడితే ఆస్పత్రిలో కోసి తీశారు. ఉత్త కాళ్ళతో ఇంటికొచ్చిన సిద్దమ్మ, కొన్నాళ్ళు నడుస్తూ నడుస్తూ ఆగి కిందికి చూసుకునేది. చివరికి తనే వాటిని తెచ్చి కోడలి ఒళ్ళో పెట్టింది.

"కాళ్ళకు ఇంక వద్దులే లతా. చేతికి వేసుకునేట్టు ఏమన్నా చెయ్యి."

స్వర్ణలత ఒక కడియం కరిగించి చేతికి తొడిగే లావుపాటి మురుగు పోసింది. ఇసుకలో తడి ఎక్కువై ఆవిరి పుట్టి, మురుగు నిండా చిల్లులు పడ్డాయి.

వీధి తలుపు చప్పుడైంది. కోయిలకుంట్ల నుంచి ఆడబిడ్డ నాగజ్యోతి, చెప్పాపెట్టకుండా వచ్చింది. నడవలో తల్లి పక్కన కూర్చోగానే చూపు కాళ్ళ మీద పడింది.

"కడియాలు యాడమ్మా?"

సిద్దమ్మ తల వంచుకుంది. నాగజ్యోతి లేచి పెరట్లోకి వచ్చింది. పీట మీద రెండు ముక్కలైన కడియం, పక్కనే చిల్లుల మురుగు కనిపించాయి.

"కోసేసినావా వదినా? నువ్వు పని నేర్చుకునేదానికి మా అమ్మ కడియాలే దొరికినాయా? చిన్నప్పుడు ఆ కాళ్ళు పట్టుకోని పండుకునేదాన్ని. నన్నొక్క మాట అడగల్లనిపించలేదా?"

"నేను కోయలేదు జ్యోతీ. ఆస్పత్రిలో..." అని స్వర్ణలత నాలుక కరుచుకుంది.

"ఆస్పత్రా? ఎవురికేమైంది?"

గోడ పట్టుకుని సిద్దమ్మ మెల్లగా గడప దాకా వచ్చింది.

"నాకే. కాళ్ళు వాచినాయి. గుండె బలం తగ్గిందని మాత్రలిచ్చినారు. ఇప్పుడు శానా నయం. నీకు తెలిస్తే పిల్లల పరీక్షలు వదిలేసి పరిగెత్తుకోని వస్తావని నేనే చెప్పనీయలేదు. మీ అన్ననూ వదిననూ ఏమీ అనద్దు."

"రోజూ ఫోన్లో బాగుండాను, బాగుండాను అంటివి కదమ్మా. నేనంత పరాయిదాన్ని అయిపోతినా?"

కూతురికి బాధ తప్పించాననే సిద్దమ్మ ఇన్నాళ్ళూ అనుకుంది. ఆ బిడ్డను గడప బయట నిలబెట్టానని ఇప్పుడే తెలిసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అక్కడే కూలబడింది.

స్వర్ణలత కడియం ముక్కల్ని తీసి ఆడబిడ్డ చేతిలో పెట్టింది.

"ఇదొక్కటన్నా నీ దగ్గర ఉండనీ. ఆచారితో అతికించి ఇస్తా. నాకీ పని ఇంక వద్దులే."

నాగజ్యోతి ముక్కల్ని తిప్పి చూసింది. కోసిన చోట వేలితో తడిమింది. ఆ రోజు అమ్మ ఎంత ఓర్చుకుందో అనుకుంటే ఆమెకు కన్నీళ్ళు ఆగలేదు. కాసేపటికి ముఖం తుడుచుకుంది.

"నేను దాచుకుంటే ఇది పెట్టెలో ఉంటాది. అమ్మ ఒంటి మీద ఉండదు. ఆ చిల్లులు పడిన వెండి మళ్ళీ పనికొస్తాదా?"

"వస్తాది. ఇంకోసారి కరిగిస్తే చాలు."

"అయితే ఇదీ కరిగించు వదినా. మన ముగ్గురికీ తలా ఒకటి చెయ్యి."

ఆ ముక్కల్ని వెండి కరిగించే మూసలో తనే వేసింది.

ఈసారి స్వర్ణలత తొందరపడలేదు. ఇసుకను ఎండలో ఆరబోసి, తడి సరిపోయిందనుకున్నాకే పోత పెట్టెలో కూరి, నమూనా అదిమింది. నాగజ్యోతి కదలకుండా పెట్టె పట్టుకుంది. నమూనా తీసి, పైపెట్టె మూసి, వెండి పోశారు. బుసబుసమనలేదు, పొంగలేదు. చల్లారాక ఇసుక విదిలిస్తే నల్లగా, గట్టిగా, నిండుగా ఒక మురుగు బయటపడింది. స్వర్ణలత దాన్ని ఒళ్ళోకి తీసుకుని చిల్లులున్నాయేమోనని వేళ్ళతో తడిమి చూసింది.

అంచులు ఆకురాయితో నున్నగా రుద్దాక, నాగజ్యోతి దాన్ని తల్లి చేతికి తొడిగింది.

"శానా బరువుండాదే," అంది సిద్దమ్మ, ఏడుస్తూనే నవ్వి.

"వదినదీ నాదీ కూడా అయ్యేదాకా నేను ఊరికి పోను," అంటూ నాగజ్యోతి ఫోను తీసి భర్తకు చేసింది.

"ఈ పొద్దు నేను రాను. మా అమ్మకు బాగలేదంట, ఇన్నాళ్ళూ నాకు తెలీలేదు." సిద్దమ్మ వైపు చూసింది. ఆమె ముంజేతిని పైకెత్తి, వెలుతురులో అటూ ఇటూ తిప్పుకుంటోంది. "లేదు లేదు, భయపడద్దు. ఇప్పుడు బాగుండాది. నేను చూస్తానే ఉండా."