రాయని ఆకు

తుంగావతి రాజ్యానికి ఉన్నది ఒక్కటే ఏరు. అది పుట్టే నీలగుహలో ధూమకేశుడనే రాక్షసుడు ఉండేవాడు. మనుషులను తినేవాడు కాదు, ఊళ్ళు తగలబెట్టేవాడు కాదు. ఏటా ఒక కథకుణ్ణి పంపమనేవాడు. పంపకపోతే ఏటికి అడ్డంగా కొండను దొర్లిస్తానన్నాడు.

ఆ రాజ్యంలో కథాట అని ఒక ఆట ఉండేది, పిల్లలూ. కథకుడు తాటాకుల కట్ట ముందు పెట్టుకుని, అందులో రాసిన లోకాన్ని వర్ణిస్తాడు. ఎదుట కూర్చున్నవాడు ఆ కథలో వీరుడై, తానేం చేస్తాడో చెబుతాడు. అది నెగ్గుతుందో లేదో పాచికలు తేలుస్తాయి. ధూమకేశుడు కోరింది ఏడు వాకిళ్ళ కోట కథ. దాన్ని చివరిదాకా నడపాలి. ఆ కథను ఎవరితో ఆడినా, కథకుడి వల్ల నడుమ తెగితే అతను రాయైపోతాడు.

అలా ఆరుగురు రాళ్ళయ్యారు. ఆరోవాడు కట్టెలు కొట్టే గంగులు కొడుకు కొమరగిరి. కట్టంతా కంఠస్థం చేసి మరీ వెళ్ళాడు. ఏడో ఏడు అతని చెల్లెలు గోరింట, అన్నను తెచ్చుకుంటానని రాజుగారికి చెప్పి, అదే కథ రాసిన మరో కట్ట చంకన పెట్టుకుని అడవి దారి పట్టింది.

దారిలో ఒక ముని, కాలు విరిగిన ఉడతకు పసరుకట్టు కడుతున్నాడు. గోరింట తాను వెళ్ళే పని చెప్పి, ఏదైనా మంత్రం ఉపదేశించమని వేడుకుంది.

"మంత్రమేం లేదమ్మా. నీ కట్టలో ఆకు వంక ఎంతసేపు చూస్తావో, ఎదుటివాడి మొహం వంకా అంతసేపు చూడు" అన్నాడు ముని.

తీగల వంతెన దగ్గర ఒక ఎలుగుబంటి అడ్డుపడింది. తనతో ఆడితేనే దాటనిస్తానంది. గోరింట కథ మొదలుపెట్టి, మొదటి వాకిలి దగ్గర రెండు దారులున్నాయని చెప్పింది.

"నేనెటూ పోను. ఇక్కడ తేనెపట్టుందేమో వెతుకుతా" అంది ఎలుగు.

"అలా రాసి లేదు" అంది గోరింట. అనగానే ఆమె పాదాలు చల్లబడి, చీలమండల దాకా రాయైపోయాయి. అప్పుడు ముని మాట గుర్తొచ్చి తలెత్తి చూసింది. ఎలుగు పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి.

"సరే, వెతుకు. పాచిక వెయ్యి" అంది మెల్లగా.

ఐదు పడింది. కథలో తేనెపట్టు దొరికింది. గోరింట పాదాలు మళ్ళీ మెత్తబడ్డాయి.

"కడుపు నిండలేదు గానీ నోరూరింది. పో" అని ఎలుగు పక్కకు తప్పుకుంది.

నీలగుహలో ఆరు రాళ్ళు వరుసగా కూర్చుని ఉన్నాయి. చివరి రాతిలో కొమరగిరి వేలు ఇంకా ఆకు మీద ఒక వరుసను చూపుతూనే ఉంది. గోరింట కన్నీళ్ళు తుడుచుకుని కట్ట విప్పింది. కథలో వీరుడైన ధూమకేశుడు ఆరు వాకిళ్ళూ దాటాడు. ఏడో వాకిట వీరుడు కాపలావాణ్ణి చంపాలని ఆకులో ఉంది. అన్న వేలు చూపుతున్నదీ ఆ వరుసనే.

రాక్షసుడు పాచికలు కింద పెట్టాడు.

"నేను కొట్టను. అన్నం తిన్నావా అని అడుగుతాను."

గోరింట కట్ట మూసింది. అతని మొహం వంక చాలాసేపు చూసి, కాపలావాడి గొంతుతో జవాబిచ్చింది.

"తినలేదయ్యా. ఈ వాకిటికి వచ్చినవాళ్ళంతా కత్తి దూసినవాళ్ళే. నువ్వు తిన్నావా?"

ధూమకేశుడు తల వంచుకున్నాడు. "మా ఆవిడ పోయాక ఆ మాట నన్నెవరూ అడగలేదు" అన్నాడు. ఈ కథ ఆమే నడిపేదట. ఏడో వాకిట అతను ఈ మాట అన్న రోజునే మంచం పట్టి, జవాబు చెప్పకుండానే వెళ్ళిపోయిందట.

కథలో అతను తన చద్దిమూట విప్పి, కాపలావాడితో సగం పంచుకున్నాడు. తలుపు దానంతటదే తెరుచుకుంది. కథ ముగిసింది. రాళ్ళు ఒక్కొక్కటిగా ఊపిరి పీల్చుకున్నాయి.

"ఏ ఆకులో ఉందే అది?" అని అడిగాడు కొమరగిరి.

"ఏ ఆకులోనూ లేదన్నయ్యా."

రాజు గోరింటను కథకులందరికీ పెద్దను చేశాడు. ఆనాటి నుంచి తుంగావతిలో ప్రతి కట్ట నడుమా ఒక రాయని ఆకు పెడతారు. ఏటా ధూమకేశుడు కొండ దిగి వచ్చి ఆటలో కూర్చుంటాడు. కూర్చునే ముందు, అన్నం తిన్నారా అని అందరినీ పేరుపేరునా అడుగుతాడు.