ఇంజన్ నుంచి మూడో బోగీ

డైరెక్టర్ గారి గదిలో మూడు ఫోన్లు, గోడకి రెండు మ్యాపులు, బల్ల మీద ఒక బొమ్మ విమానం ఉంటాయి. మాట్లాడుతున్నంతసేపూ ఆయన ఆ విమానాన్నే తుడుస్తుంటారు.

"నల్లగొడుగు ముఠాలో చేరిపోయి పనిచేస్తున్న మనవాళ్లు ఆరుగురు. వాళ్ల పేర్లు, ఫోటోలు ఒక మెమరీ కార్డులోకి ఎక్కాయి. కార్డు మన ఆఫీసులోంచే పోయింది. రేపు సాయంత్రానికి సరిహద్దు దాటుతుంది. దాటితే ఆరుగురూ ఫినిష్."

ఎదురుగా కూర్చున్న ఏజెంటుని డిపార్ట్‌మెంటంతా చిన్నక్క అంటుంది. నలభై ఎనిమిదేళ్లు. ఆ ఆరుగురిలో ఒకడు ఆమె సొంత తమ్ముడు. గదిలో అందరికీ తెలిసినా ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

"ఎయిర్‌పోర్టులో నలభై మందిని దించాను. బస్సులకి ప్రతి చెక్‌పోస్టులోనూ కుక్కలు," అన్నారు డైరెక్టర్.

"మరి రైలు?"

ఆయన నవ్వారు. "ఇరవై ఎనిమిది గంటల ప్రయాణం! రైలెక్కేది టైముకి విలువ లేనివాళ్లు మేడమ్."

"ఎయిర్‌పోర్టులో బెల్టు కూడా విప్పిస్తారు సార్. బస్సుని నాలుగు చోట్ల ఆపుతారు. రైల్లో సీటు కింద తోసిన సూట్‌కేసుని దిగేదాకా ఎవరూ కదిలించరు. దొంగసరుకుకి తొందరకంటే భద్రం ముఖ్యం."

"సరే, వెళ్లండి. మీ సరదా నేనెందుకు కాదనాలి?"

"అక్కకి తోడుగా నేనూ వెళ్తాను సార్," అంది కిటికీ దగ్గర నిలబడ్డ సెంటు. మనిషికంటే ముందు వాసన గదిలోకి వస్తుంది కాబట్టి ఆ పేరు. అందగత్తె, నాలుగు భాషలు వచ్చినది, డైరెక్టర్ గారికి అభిమాన ఏజెంటు. టికెట్లు కూడా తనే బుక్ చేస్తానంది.

గాడ్జెట్ల సెక్షన్‌లో చిన్నక్కకి లిప్‌స్టిక్ పిస్తోలు ఇవ్వబోయారు. ఆ రంగు మొహాన వేసుకునే వయసా అని ఆమె వద్దంటే సెంటు తీసుకుంది. చిన్నక్క ఇంటికెళ్లి రైలుకి ఎప్పుడూ సర్దుకునేవే సర్దుకుంది. వేణ్ణీళ్ల ఫ్లాస్కు, రబ్బరు చెప్పులు, దుప్పటి, సామానుకి వేసే ఇనప గొలుసు, తాళం.

మధ్యాహ్నం పన్నెండింటికి రైలు కదిలింది. వాళ్లది ఇంజన్ నుంచి మూడో బోగీ. ఎదురు సీట్లో కూతురి ఇంటికి వెళ్తున్న ముసలావిడ, అప్పుడే చెప్పులు విడిచి కాళ్లు పైకి పెట్టుకుంది. సెంటు మాత్రం ఎత్తు మడమల జోళ్లతోనే కూర్చుంది.

"అలవాటేనా అమ్మాయ్ రైలు?" అంది చిన్నక్క.

"చిన్నప్పటినుంచీ ఇందులోనే కదా అక్కా!" అంటూ సీటు బెల్టు కోసం నడుము పక్కన తడుముకుని, చెయ్యి వెనక్కి తీసుకుంది.

చిన్నక్క చూడనట్టే తన సంచిని సీటు కింది కమ్మీకి గొలుసుతో కట్టింది. "నీ సూట్‌కేసుకీ వెయ్యనా?"

"సామానుకి సంకెళ్లేంటక్కా, ఇదేమైనా జైలా?" అంది సెంటు మూతి విరిచి.

రైలు అలవాటేనని గొప్పలు చెప్పుకునేవాళ్లు లోకంలో తక్కువా, అనుకుని చిన్నక్క ఊరుకుంది. బోగీలో అటు చివరినుంచి ఇటు చివరిదాకా నాలుగుసార్లు తిరిగింది. అనుమానించదగ్గ మొహం ఒక్కటీ లేదు. తమ్ముడు గుర్తొచ్చినప్పుడల్లా ఫ్లాస్కు మూత బిగించింది. అది మొదటినుంచీ బిగుతుగానే ఉంది.

మర్నాడు మూడింటికి జంక్షన్. రైలు అక్కడ పాతిక నిమిషాలు ఆగుతుంది. ముసలావిడ లేచి, చెప్పులు కాలితోనే జరుపుకుంటూ సెంటు పక్కకి వచ్చింది.

"కాస్త జరుగు తల్లీ. ఇక గాలి ఇటే కొడుతుంది."

రైలు కదిలింది, వచ్చిన దారినే. సెంటు దిగ్గున లేచింది. "ఇదేంటి, వెనక్కి పోతోంది!"

"వెనక్కెందుకు పోతుంది? ఇంజన్ ఊడదీసి అటు చివర తగిలించారు. చిన్నప్పటినుంచీ రైలెక్కుతున్నానన్నావు?" అంది ముసలావిడ.

"అయితే మన బోగీ?"

"ఆఖరినుంచి మూడోది."

సెంటు ఫోన్ తీసి సిగ్నల్ కోసం తలుపు దగ్గరికి పరుగెత్తింది. అక్కడినుంచి ముప్పావుగంట కొండలే, సిగ్నల్ దొరకదు.

చిన్నక్క ఆ ఖాళీ సీటు వంక చూసింది. స్టేషన్‌లో ఎవరూ ఎదురుచూడని మనిషికి బోగీ ముందుంటే ఏం, వెనకుంటే ఏం? వచ్చేది సరిహద్దు స్టేషన్, ఆగేది రెండు నిమిషాలు. రైలు మొహం ఎరగని ఏ మేధావో విమానం సీటులాగే బోగీ కూడా ఎక్కడిదక్కడే ఉంటుందనుకుని ప్లాన్ గీశాడు. తమ్ముడి ప్రాణం తీయబోయే పిల్లకి నిన్నటినుంచీ తన ఫ్లాస్కులోంచే నీళ్లు పోసింది తను!

చిన్నక్క వంగి సీటు కింద చెయ్యి పెట్టింది. తాళం పడిన చప్పుడు ముసలావిడ వింది. 

నాలుగూ పదికి రైలు ఆగింది. దూరాన, ప్లాట్‌ఫారం అటు కొసన, ఇంజన్ నుంచి మూడో బోగీ ముందు తెల్లటోపీవాడొకడు మెడ సాచి వెతుకుతున్నాడు. సెంటు ఫోన్‌లో అరిచింది: "ఇటు! వెనక్కి! పరుగెత్తు!"

ఇరవై బోగీల దూరం. వాడి నిగనిగలాడే బూట్లు పరుగుకి కుట్టినవి కావు. సెంటు వచ్చి సూట్‌కేసు లాగింది. రాలేదు. మళ్లీ లాగింది.

"గొలుసు తియ్!"

"జైలా అని అడిగావుగా. దారిలో ఉన్నాం," అంది చిన్నక్క.

సెంటు గోళ్లు అరగదీసుకునే రంపంతో సూట్‌కేసు పక్కని చీరి, పౌడరు డబ్బాలోంచి కార్డు తీసి తలుపు వైపు దూకింది. చిన్నక్క ఫ్లాస్కు పట్టుకుని అంతకంటే ముందే వెళ్లి అడ్డం నిలబడింది. రైలు కూత వేసింది. టోపీ ఎక్కడో పారేసుకున్నవాడు రొప్పుతూ మెట్ల పక్కకొచ్చి చెయ్యి చాచాడు. సెంటు ఒక చేత్తో కార్డు అందిస్తూ రెండో చేత్తో లిప్‌స్టిక్ గురిపెట్టింది.

"జరుగక్కా. కాల్చేస్తాను."

చిన్నక్క ఫ్లాస్కు వంచేసింది. జంక్షన్‌లో పట్టిన నీళ్లు, ఇంకా పొగలు కక్కుతున్నాయి. సెంటు కెవ్వుమంది. లిప్‌స్టిక్ పైకప్పులోకి పేలింది. కార్డు వాడి వేళ్లకి బెత్తెడు దూరంలో జారి లోపలే పడింది. చిన్నక్క తలుపు మూసేసింది. ప్లాట్‌ఫారం మనిషితో సహా వెనక్కి పోయింది.

"ఇదేదో నా చెప్పు కిందికొచ్చిందమ్మాయ్," అంది వెనకనుంచి ముసలావిడ. "నీదేనా?"

గొలుసు సూట్‌కేసునుంచి సెంటు మణికట్టుకి మారింది. కాలిన చేతికి మందు కూడా చిన్నక్కే రాసింది, మొహం చూడకుండా.

సరిహద్దుకి ఇవతలే ఉన్న తరవాతి స్టేషన్ దగ్గర ఫోన్ మోగింది. "అక్కా, పాలు కాగాయి." క్షేమంగా ఉన్నానని తమ్ముడి కోడ్. పాలు విరిగాయంటే ప్రమాదమని.

"పొయ్యి దగ్గరే ఉండు, ఎటూ పోకు," అంది చిన్నక్క. కళ్లు తుడుచుకుని డైరెక్టర్‌కి ఫోన్ చేసింది.

"ఎక్కడికీ కదలకండి!" అన్నారాయన. "ఖైదీని నేనే స్వయంగా తీసుకెళ్తాను. విమానంలో రెండు గంటల్లో మీ ముందుంటాను."

చిన్నక్క రైలు దిగి స్టేషన్ బెంచీ మీద దుప్పటి పరుచుకుంది. వాయిదా పడుతూ పడుతూ ఆయన విమానం మూడో రోజుకి బయల్దేరింది.