ఒంటి మీద కుట్టు

సాయంత్రం 6:10. పజుండౌంగ్ పేటలోని పాత బంగళాలో వయొలిన్ ఆగిపోయింది.

మేడ మీద డ్రెస్సింగ్ రూమ్‌లో బియ్యం ఎగుమతిదారు కో తెయిన్ జో కుర్చీలో శవమై ఉన్నాడు. ఒంటి మీద రెండు వందల ఏళ్ల నాటి ఇంగ్లండు దొర వేషం. ఛాతీలో కత్తెర. యాంగాన్‌లోని కలిగినవాళ్లు దొరలూ దొరసానులై రీజెన్సీ కాలపు డాన్సు పార్టీ చేసుకుందామనుకుంటే, ముచ్చట కాస్తా ముప్పైంది.

ప్రైవేట్ డిటెక్టివ్ లింగరాజుకి కాలు నిలవడం లేదు. పోలీసులు దారిలో ఉన్నారు. వస్తే వేషాలు కుట్టిన తాయారమ్మను పట్టుకుపోతారు. కత్తెర ఆవిడదే. చిన్నప్పుడు తనకు స్కూలు నిక్కర్లు కుట్టిన చెయ్యి అది. అతనికి భయమేసింది.

“పిన్నీ, ఇక్కడికెప్పుడొచ్చావు?”

“పావుతక్కువ ఐదుకి. కోటు బొత్తాం ఊడిపోనాదని పిలిసినాడు. ఇప్పి ఇయ్యి బాబూ అన్నాను. టైము లేదు, ఇలాగే కుట్టీమన్నాడు. నాను కుట్టనన్నాను. కత్తెరా సూదులూ ఉన్న పెట్టి ఇక్కడే వొగ్గేసి కిందకెల్లిపోనాను.”

“ఎందుకు కుట్టలేదు?”

“ఏటి బాబూ, నీకు తెల్దా?”

తెలుగు అర్థమయ్యే మృతుడి స్నేహితుడు కో మిన్ టున్ బర్మీస్‌లో అడ్డొచ్చాడు. “అబద్ధం. 4:50కి తలుపులోంచి చూశాను. అతను నిలబడ్డాడు, ఈమె బొత్తాం కుడుతోంది.”

బొత్తాం ఉంది. లింగరాజు వంగి లాగాడు. కుట్టు లోపలి చొక్కాలోకీ దిగి ఉంది, కోటుతో పాటు అదీ లేచింది.

“కుట్టాకే పొడిచిందంటావు?”

“అంతే కదా.”

“మరి గుడ్డంతా రక్తంతో అట్టకట్టింది. దారం మాత్రం తెల్లగా ఉందేం?”

మిన్ టున్ గ్లవ్స్ తొడిగిన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

“రక్తం ఆరాక కుట్టారు. చంపినావిడ కత్తెర వదిలేసి బొత్తాం కుడుతూ కూర్చోదు. ఆ బొత్తాం కావలసింది నీ సాక్ష్యానికే. గ్లవ్స్ తియ్యి.”

“ఎందుకు?”

“తియ్యి.”

ఎడమ బొటనవేలి నిండా సూది పోట్లు.

“ఇవాళ తెయిన్ జో ఏం ప్రకటించబోతున్నాడు?”

మిన్ టున్ చూపు గుమ్మంలో ఏడుస్తున్న మ తీరి అనే అమ్మాయి మీదికి పోయింది. “ఆమెతో పెళ్లి. నన్ను చేసుకుంటానని మాటిచ్చి, చివరికి అతన్ని...” అన్నాడు.

కింద పోలీసు జీపు ఆగింది.

తాయారమ్మ గోడకు జారగిలబడింది. “ఒంటి మీదుండగా బట్ట కుట్టకూడదు నాయనా. పీనుక్కే అలాగ కుడతారని మా అమ్మ సెప్పీది.”

లింగరాజు బొత్తాం వైపు చూశాడు.

“పీనుక్కే కుట్టాడు, పిన్నీ.”