బ్రేకు మీద కాలు

ఆగస్టు నెలలో ఆటోక్ కొండల మీద పొగమంచు గడియారం చూసుకుని వచ్చినట్టు వస్తుంది. ఆ మంగళవారం మధ్యాహ్నం రెండుంబావుకే పక్కింటి రేకుల కప్పు కనబడకుండా పోయింది. ఫెర్మిన్ తన పాత కారు కుడివైపు ముందు చక్రం ఊడదీసి, గోనెసంచి మీద పడుకుని, పదకొండోసారి అరిచాడు.

“నొక్కు!”

“నొక్కా!” ఎడమవైపు డ్రైవరు సీట్లోంచి భార్య పెర్లిటా.

“పట్టుకో!”

“పట్టుకునే ఉన్నా. నాకూ చెవులున్నాయి.”

బ్రేకు గొట్టాల్లో చిక్కిన గాలి తీసే మర తిప్పాడు. సన్నగొట్టంలోంచి బ్రేక్ ఆయిల్ సీసాలోకి జారింది. ఒక్క బుడగ లేదు. మర బిగించాడు.

“ఇప్పుడెలా ఉంది?”

“తడిసిన పరుపు తొక్కినట్టుంది.”

ఫెర్మిన్ పానా నేలకేసి కొట్టాడు. ముందు చక్రాల్ని పట్టి ఆపే క్యాలిపర్లు రెండూ అరిగిపోయాయని పొద్దున తనే మార్చాడు. బుడగల్లేవు, ఆయిల్ కారడం లేదు. అయినా పెడల్ మెత్తగా అడుగుదాకా దిగిపోతోంది.

పెర్లిటాకు తొమ్మిదో నెల. బిడ్డ అడ్డంగా ఉంది. మర్నాడు ఉదయం ఏడింటికి బాగియో పట్నం ఆసుపత్రిలో ఆపరేషన్. కొండచరియ విరిగిపడి నాలుగు రోజులుగా బస్సుల్లేవు. చిన్న బళ్ళను మాత్రం పక్కనుంచి పోనిస్తున్నారు. యాభై కిలోమీటర్లు, అంతా లోయ అంచు దారి. బ్రేకు లేకుండా ఆ దారి దిగడం కుదరదు.

“క్రిస్పులో బాబాయ్ ఉంటే గంటలో అయిపోయేది,” అంది పెర్లిటా.

“ఉంటేగా.”

“నీకెందుకయ్యా ఈ మెకానిక్కు వేషాలు? పొట్టకి స్టీరింగ్ గుచ్చుకుంటోంది.”

“నోరు మూసుకుని నొక్కితే ఈపాటికి అయ్యేది!”

జవాబు రాలేదు. అలిగిందనుకున్నాడు.

నోట్లో చుట్టతో ఆ ఊళ్ళో బళ్ళన్నిటికీ బ్రేకులు చేసినవాడు క్రిస్పులో. ఆదివారం గుండె ఆగి పోయాడు. నిన్న ఫెర్మిన్ ఒక్కడే చావింటికి వెళ్ళాడు. కడుపుతో ఉన్న మనిషి వెళ్ళకూడదని పెర్లిటాను రానివ్వలేదు. చావింటి నుంచి తిన్నగా ఇంటికీ రాకూడదు. దారిలో ఎక్కడో దిగి, నాలుగడుగులు వేసి, వెంట వచ్చినదాన్ని అక్కడే దులుపుకోవాలి. ఫెర్మిన్ రొట్టెల కొట్టు దగ్గర ఆగాడు. కానీ అక్కడ ఏటవాలు. హ్యాండ్‌బ్రేకు పట్టదు. అందుకని బ్రేకు మీద కాలు తీయకుండా, కిటికీలోంచే రొట్టెలు తీసుకుని వచ్చేశాడు.

ఆగాను కదా, అదే చాలనుకున్నాడు.

మళ్ళీ మర దగ్గరికి జరిగాడు. అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. విసుగులో, ఆలోచించకుండానే, పానాతో ఇనుము మీద ఒక దెబ్బ కొట్టాడు. కొద్ది క్షణాలకు అవతలి తలుపు మీద ఒక దెబ్బ వినిపించింది. పెడల్ దిగింది. ఆయిల్ వచ్చింది. రెండు దెబ్బలు కొట్టాడు. తిరిగి రెండు. పెడల్ లేచింది.

హమ్మయ్య, నోరైనా నొప్పి పుట్టదు అనుకున్నాడు. పని చకచకా సాగింది. ఇందాకటిలా ముందుగానే వదిలేయడం లేదు ఇప్పుడు. తాపీగా, ఒకే బరువుతో నొక్కు. పొగమంచులో ఎక్కడినుంచో చుట్ట వాసన, కిరోసిన్ వాసన.

అంతలో మూడు దెబ్బలు.

“ఏంటి?” అన్నాడు.

మళ్ళీ మూడు. ఇంకొంచెం గట్టిగా.

“ఏంటే నీ గోల, నోటితో చెప్పొచ్చుగా!”

టక్. టక్. టక్.

మూడు దెబ్బలంటే ‘ఆపు, చూడు’. ఫెర్మిన్ చేతులు ఆగాయి. చూశాడు. గాలి తీసే మర క్యాలిపర్‌కి అడుగున ఉంది. పైన ఉండాలి. గాలి పైకి చేరుతుంది. అడుగునుంచి ఎంత ఆయిల్ తీసినా గాలి పైనే కూర్చుంటుంది. పొద్దున ఎడమ క్యాలిపర్ కుడికి, కుడిది ఎడమకి బిగించేశాడు.

“అయ్యో, నా బుర్ర తగలెయ్య!” నవ్వొచ్చింది. “పెర్లీ, దొరికింది! కానీ నీకెలా…”

మాట అక్కడే ఆగిపోయింది.

ఆ దెబ్బల లెక్క పెర్లిటాకు తెలియదు. ఎవరికీ తెలియదు. క్రిస్పులోకి చెవుడు. ముప్ఫై ఏళ్ళ కిందట ఆయన బండి కింద పడుకుంటే, సీట్లో కూర్చుని పెడల్ నొక్కింది ఫెర్మిన్. ఒకటి కొడితే నొక్కు. రెండైతే వదులు. మూడైతే…

నెమ్మదిగా లేచాడు. కారు చుట్టూ తిరిగి వచ్చాడు. సీటు ఖాళీ. పెడల్ మాత్రం అడుగుదాకా దిగి ఉంది.

చూస్తుండగా, తాపీగా లేచింది.

“ఎవరితో మాట్లాడుతున్నావయ్యా?” ఇంట్లోంచి పెర్లిటా. “నడుం నొప్పని నేనొచ్చి అరగంటైంది.”

  పారిపోవాలనిపించింది. కానీ తెల్లారితే ఆపరేషన్. నొక్కడానికి ఇంకో మనిషి కావాలి. పెర్లిటాను ఆ సీట్లో మళ్ళీ కూర్చోబెట్టే ప్రశ్నే లేదు.

క్యాలిపర్లు విప్పి అటుది ఇటు, ఇటుది అటు మార్చాడు. మర రెండుసార్లు జారింది. మళ్ళీ గోనెసంచి మీద పడుకున్నాడు. కళ్ళు మూసుకుని, పానాతో ఒక దెబ్బ కొట్టాడు.

అవతల ఒక దెబ్బ.

ఈసారి గొట్టంలో బుడగలు వచ్చాయి. పెద్దవి, చిన్నవి… తర్వాత స్వచ్ఛమైన ఆయిల్. రెండో వైపు కూడా అయింది. అయిదింటికి పెడల్ రాయిలా నిలబడింది.

“నీ రుణం తీర్చుకోలేను బాబాయ్,” అని గుసగుసగా అన్నాడు. “ఇక వెళ్ళు.”

చేతులైనా కడుక్కోకుండా కారు రొట్టెల కొట్టుకి తీసుకెళ్ళాడు. చక్రాల కింద రాళ్ళు పెట్టి, ఈసారి దిగాడు. కాఫీ తాగాడు. కొట్టు చుట్టూ రెండుసార్లు తిరిగి, కాళ్ళు దులుపుకుని ఎక్కాడు. దారంతా ఒక్క చప్పుడు లేదు. చుట్ట వాసన లేదు. వదిలిపోయింది. ఇంటికొచ్చి కడుపునిండా తిని పడుకున్నాడు.

తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరారు. మొదటి మలుపులో కాలు వేశాడు. కారు ఎక్కడ ఆగాలో అక్కడే ఆగింది. ఫెర్మిన్ ఊపిరి వదిలాడు.

“ఏమయ్యా,” వెనకసీట్లో పెర్లిటా గొంతు చిన్నగా వచ్చింది. “నిన్న ఆ సీట్లోంచి దిగిన దగ్గర్నుంచీ కడుపులో వీడు కదల్లేదని భయపడ్డానా? ఇప్పుడు కదులుతున్నాడు. చూడు.”

అతని చెయ్యి వెనక్కి లాక్కుని పొట్ట మీద పెట్టుకుంది.

లోపల్నుంచి, తాపీగా, ఒకే బరువుతో మూడు దెబ్బలు.

ఆగి… మళ్ళీ మూడు.