సరస్సు అంచున మాడిన గడ్డి

చిట్టి తలుపు తీసేసరికి గుమ్మంలో ఒక స్త్రీ నిలబడి ఉంది. బూట్ల నిండా ఎండిన బురద, ముఖంలో నెత్తురు చుక్క లేదు. డిటెక్టివ్‌గారు కావాలంది.

ఆమె గోల్ఫ్ మైదానాలు గీసే డిజైనర్. ఊరి చివర సరస్సు పక్కన కొత్త మైదానం తయారవుతోంది. బంతి కొట్టే చోటు నుంచి జెండా పాతిన గుంత దాకా సాగే బాటను హోల్ అంటారు. ఆ మైదానంలో ఒక్క హోల్ తప్ప మిగతావన్నీ ఆమె భర్త గీసినవే. ఆ ఒక్కటీ ఆమెది: నాలుగు దెబ్బల్లో ముగించాల్సిన పొట్టి పార్-ఫోర్. జంకేవాళ్లు ఎడమవైపు వెడల్పాటి గడ్డి మీదికి కొట్టి, రెండో దెబ్బకు ఇసుక గుంట దాటించి జెండాను చేరాలి. తెగువ ఉన్నవాళ్లు మొదటి దెబ్బకే నీటి మీదుగా కొట్టి, ఇసుక గుంటకీ సరస్సుకీ మధ్యనున్న సన్నటి గడ్డి పట్టీలో బంతిని దింపొచ్చు. చూడవచ్చిన వాళ్లందరి నోటా దాని మాటే.

ఇప్పుడా పట్టీ నిలువునా మాడిపోయింది. నీటి పక్కన గడ్డి బతకదనీ, ఆ హోల్ తీసేసి ఆమె భర్త చేత పొడవాటిది గీయిస్తాననీ క్లబ్ అధ్యక్షుడు అంటున్నాడు.

"అది నీళ్ల వల్ల పోలేదండీ. ఎవరో చంపారు," అందామె.

"మీమీద ఎవరికైనా కడుపుమంట ఉందా?" అడిగింది డిటెక్టివ్.

ఈ హోల్ కోసం రేవు పోగొట్టుకున్న పడవలవాడి పేరు చెప్పి, ఇంకెవరూ లేరంటూ ఆమె చూపు దించుకుంది.

డిటెక్టివ్ చిట్టికి సొంత పిన్ని. పిన్ని తెలివంటే చిట్టికి ఎంత ముచ్చటో, లోలోపల అంత ఉడుకుమోత్తనం. ఈసారైనా తనే ముందు తేల్చాలని, మైదానంలో అడుగుపెడుతూనే పడవలవాడే చేశాడని చెప్పేసింది.

పిన్ని వంగి నేలను చూసింది. నీటిని ఆనుకున్న గడ్డి పచ్చగా నవనవలాడుతోంది. జెండా చుట్టూ ఒక్క పరక చెడలేదు. మధ్యలో పట్టీ మాత్రమే మాడింది. అక్కడ నేల జెండా వైపు మెత్తగా వాలింది. బంతి కొట్టే చోట నిలబడి చూస్తే ఇసుక గుంట గట్టు అడ్డొచ్చి ఆ వాలు కనపడలేదు. అది కాగితం మీద కూడా లేదనీ, ఆఖర్న తనే యంత్రం పక్కన నిలబడి చెక్కించాననీ డిజైనర్ చెప్పింది.

తర్వాత పిన్ని అందరినీ ఒకే ప్రశ్న అడిగింది: మీరైతే బంతి ఎటు కొడతారు? పడవలవాడు తిన్నగా జెండాకేసి చెయ్యి చూపాడు. అధ్యక్షుడు ఎడమవైపన్నాడు. భర్త నవ్వాడు.

"నేను దాన్ని కాగితం మీద చూడటమే తప్ప అటు అడుగు పెట్టలేదండీ. పిల్లలాట అది. కుడివైపు పట్టీలో పడ్డ బంతి ఆ వాలు పట్టుకుని దానంతటదే జెండా దగ్గరికి పోతుంది. ఇందులో ప్రతిభేముంది?"

మర్నాడు ఉదయం పిన్ని అందరినీ మాడిన గడ్డి దగ్గరికి పిలిపించింది.

"తప్పు నీళ్లదైతే ముందు ఒడ్డున గడ్డి పోవాలి. అది నిక్షేపంగా ఉంది. కాబట్టి ఇది కలుపు మందు పని. కోపంతో వచ్చినవాడైతే జెండా చుట్టూ పోసిపోయేవాడు. ఈ పట్టీ పోతే నీటి మీదుగా కొట్టే ధైర్యానికి ఫలం లేదు, హోల్‌కి ప్రాణం లేదు. అది తెలిసినవాడే పోశాడు." ఆమె భర్త వైపు తిరిగింది. "కాగితం మీద లేని వాలు, బంతి కొట్టే చోటి నుంచి కనపడని వాలు, అడుగైనా పెట్టని మీకెలా తెలిసిందండీ?"

హోల్ ఉన్నదున్నట్టే ఉంటుందని అధ్యక్షుడు మెల్లగా అన్నాడు.

డిజైనర్ భర్తకు ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఇంత బాగా అర్థమైనవాడివి, బాగుందని నాతో ఒక్కసారి అనలేకపోయావా?"

"అన్నంత మాత్రాన అది నాదయ్యేదా?" అన్నాడతను.

ఆమె పక్కకు తిరిగి మందు పడిన మట్టి ఎత్తి పారెయ్యడానికి పనివాళ్లను కేకేసింది.